ఐపీ68 ఫోనా, సులువుగా విప్పుకునే ఫోనా? చెరువుల మీద పనిచేసేవాళ్లకు ఏది నయం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని, రోజంతా ఫోన్ తడి చేతుల్లోనే ఉంటుంది. బడ్జెట్ 30 వేలు, కనీసం ఐదేళ్లు రావాలి. ఐపీ68 (దుమ్ము, నీటి రక్షణ రేటింగ్) ఫోన్ కొంటే నీళ్లకు ఆగుతుంది కానీ, ఒకసారి విప్పితే ఆ వాటర్‌ప్రూఫ్ పోతుందని షాపువాళ్లు చెప్తున్నారు. బ్యాటరీ చేత్తో తీసి మార్చుకునే ఫోనైతే రిపేరు సులువు కానీ, నీళ్లు పడితే పోతుందేమోనని మీ భయం. రెండూ ఒకే ఫోన్‌లో ఎందుకు ఇవ్వరు, తప్పదంటే ఏది వదులుకోవాలి అని మీ ప్రశ్న. ఇప్పుడున్న ఫోన్ వెనక మూత ఒక పక్క లేస్తోందని కూడా చివర్లో రాశారు.

ముందు ఆ మూత సంగతి, అది ఆగేది కాదు. కింద పడకుండా, ఎవరూ విప్పకుండా మూత దానంతటది లేస్తోందంటే దాదాపుగా లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. ఈ రోజే చార్జింగ్ పెట్టడం ఆపండి. మూతను నొక్కి గమ్ వేయించకండి, బిగుతు కవర్ తొడిగి అణచిపెట్టకండి, వెనక జేబులో పెట్టుకుని కూర్చోకండి. ఉన్న చార్జ్‌తోనే ఫొటోలు, నంబర్లు బ్యాకప్ చేసుకుని, స్విచాఫ్ చేసి, బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన బ్యాటరీకి లోపలి పొర చిరిగిందంటే మంట లేస్తుంది. దాన్ని ఇంట్లో పీకే ప్రయత్నం అసలు చేయకండి.

ఇక సూటిగా జవాబు. మీ పనికి నీటి రక్షణ ఉన్న ఫోనే కొనండి. ఐపీ67 సరిపోతుంది, ఐపీ68 దొరికితే సంతోషం. కాకపోతే ఆ రక్షణను మొదటి రెండేళ్ల మాటగానే లెక్కేసుకోండి. ఐదేళ్లు ఫోన్‌ను నిలబెట్టేది ఆ నంబరు కాదు. బ్యాటరీ, డిస్‌ప్లే అనే రెండు పార్టులను మీకు అందుబాటులో ఉన్న చోట, భరించగలిగే ధరకు, లోపల ఇంకేదీ విరగ్గొట్టకుండా మార్చే వీలుందా లేదా అన్నదే అసలు విషయం. విప్పితే వాటర్‌ప్రూఫ్ పోతుందన్నది సగమే నిజం. విప్పగానే పోతుంది, సరిగ్గా మూస్తే చాలావరకు తిరిగొస్తుంది, పరీక్ష చేయనంతవరకు రాలేదనే అనుకోవాలి.

రెండూ ఒకే ఫోన్‌లో కుదరవా?

కుదురుతాయి. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 వెనక మూత గోరుతో ఊడొచ్చేది, బ్యాటరీ చేత్తో తీసేవాళ్లం, అయినా దానికి ఐపీ67 ఉండేది. మూత లోపలివైపు చుట్టూ సన్నటి రబ్బరు గాస్కెట్, చార్జింగ్ పోర్టుకు చిన్న మూత, అంతే. మందం 8.1 మి.మీ. ఇప్పటికీ అదే పద్ధతిలో శాంసంగ్ ఎక్స్‌కవర్ సిరీస్ వస్తోంది. 2024లో మన దగ్గర కూడా విడుదలైన ఎక్స్‌కవర్7కి ఐపీ68 ఉంది, 4050 ఎంఏహెచ్ బ్యాటరీని చేత్తో తీసి మార్చుకోవచ్చు.

మరి అన్ని ఫోన్లూ అలా ఎందుకు లేవు? ఆ ఎక్స్‌కవర్7ను అదే ఏడాది వచ్చిన గెలాక్సీ ఎస్24 ప్లస్ పక్కన పెట్టి చూడండి. తెర సైజు రెండింటికీ దాదాపు ఒకటే. ఎక్స్‌కవర్ మందం 10.2 మి.మీ., బరువు 240 గ్రాములు, బ్యాటరీ 4050. ఎస్24 ప్లస్ మందం 7.7 మి.మీ., బరువు 200 గ్రాముల లోపు, బ్యాటరీ 4900. చేత్తో తీసే బ్యాటరీకి సొంతంగా గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేకపోతే జేబులో తాళంచెవి గుచ్చుకున్నా ప్రమాదమే. అది కూర్చునే గూటికి గోడలు, మూతకు లాకులు, గాస్కెట్‌కు గాడి కావాలి. ఇదంతా బ్యాటరీ చోటునే తింటుంది. అతికించేసే బ్యాటరీకి పలుచటి రేకు సంచి చాలు, ఆ చోటంతా కరెంటు నిల్వకే మిగులుతుంది. పైగా గమ్‌తో మూసిన ఫోన్‌లో ఫ్రేమూ అద్దమూ ఒకే దిమ్మలా బిగుసుకుంటాయి కనుక మెలిక పడినా తట్టుకుంటుంది.

అంటే గమ్ వెనక నిజమైన ఇంజినీరింగ్ కారణాలున్నాయి. కానీ 7.7 మి.మీ. ఫోన్ కొన్న ప్రతి ఒక్కరూ దానికి రెండు మూడు మి.మీ. కవర్ తొడుగుతున్నారు కదా, ఆ సన్నదనం ఎవరికి దక్కుతోందన్నది నాకెప్పుడూ ఉన్న బాధ. ఆ రెండు మి.మీ. కంపెనీయే వాడుకుని గాస్కెట్, స్క్రూలు పెట్టి ఉంటే మనకు కవర్ ఖర్చూ మిగిలేది, బ్యాటరీ మార్పూ సులువయ్యేది.

ఇంకో మధ్యేమార్గం ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫెయిర్‌ఫోన్ వాళ్లది. 2023లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 5లో వెనక మూత చేత్తో వస్తుంది, డిస్‌ప్లే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఊడుతుంది. కానీ దానికి ఐపీ55 మాత్రమే, అంటే నీటి చిమ్ములకు ఆగుతుంది, మునిగితే ఆగదు. మన దేశంలో అధికారికంగా అమ్మరు కూడా. మీ పనికి అది కుదరదు.

యూరప్ చట్టం ఈ పేచీని ఎలా తేల్చిందో చూస్తే మీ ప్రశ్నకు మంచి కొలబద్ద దొరుకుతుంది. అక్కడ 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నిబంధనల ప్రకారం ఫోన్ బ్యాటరీని మామూలు మనిషి మార్చుకోగలగాలి. ఒక్క మినహాయింపు ఉంది: 500 సైకిళ్ల (నిండు చార్జింగుల) తర్వాత 83 శాతం, 1000 సైకిళ్ల తర్వాత 80 శాతం కెపాసిటీ మిగిలి, ఫోన్ దుమ్ము చొరబడకుండా, ఒక మీటరు నీటిలో అరగంట తట్టుకునేలా ఉంటే, మార్చే పనిని రిపేరు నిపుణులకే వదిలేయొచ్చు. అంటే ఎక్కువ కాలం మన్నే బ్యాటరీ పెడితేనే గమ్ వేసి మూసే హక్కు. మోడల్ అమ్మకం ఆగిన తర్వాత ఏడేళ్లపాటు స్పేర్ పార్టులు ఇవ్వాలన్న షరతు కూడా అందులో ఉంది. మన దగ్గర ఇంతటి నిబంధన ఇంకా లేదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) కమిటీ వేసి, ఒక పోర్టల్ తెచ్చింది. కొన్ని కంపెనీల సర్వీస్, వారంటీ వివరాలు అందులో చూడొచ్చు. అంతవరకే.

ఏ పార్టు ముందు పోతుంది?

సైకిల్ అంటే సున్నా నుంచి నూరు దాకా నింపినంత కరెంటు. చెరువు గట్టు మీద సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, ఎండలో తెర వెలుగు పూర్తిగా పెట్టాలి, కాబట్టి మీకు రోజుకో సైకిల్ ఖాయం. ఐదేళ్లంటే 1800 సైకిళ్లు. 800 సైకిళ్లకు 80 శాతం మిగిలే బ్యాటరీ అయితే రెండేళ్ల రెండు నెలలకే అక్కడికి వస్తుంది. కాబట్టి ఐదేళ్లలో కనీసం ఒక బ్యాటరీ, బహుశా రెండు మార్చాల్సిందే. డిస్‌ప్లే పగలొచ్చు, పగలకపోవచ్చు. ఫోన్ నీళ్లలో పడొచ్చు, పడకపోవచ్చు. బ్యాటరీ మాత్రం తప్పకుండా పోతుంది.

అందుకే ఏ మోడల్ చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న స్క్రూలా, గమ్మా అని కాదు. తప్పకుండా పోయే పార్టును చేరడానికి ఏ మంచి పార్టును ప్రమాదంలో పెట్టాలి? అన్నదే.

ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు దారి వెనక నుంచే. మూత అంచులను 70-80 డిగ్రీలకు వేడిచేసి, ప్లాస్టిక్ కార్డు తిప్పి, పైనున్న స్క్రూలు, కవచాలు తీస్తే బ్యాటరీ కనెక్టర్ కనిపిస్తుంది. వెనక మూత ప్లాస్టిక్ అయితే ఈ పనిలో వంగుతుందే కానీ పగలదు. గాజు అయితే కెమెరా చుట్టూ, మూలల్లో పగిలే ప్రమాదం ఉంది, అప్పుడు బ్యాటరీ ఖర్చుకు ప్యానెల్ ఖర్చు తోడవుతుంది. పాత ఐఫోన్లలో దీనికి పూర్తిగా తిరగేసిన దారి: బ్యాటరీ కోసం ముందున్న డిస్‌ప్లేను లేపాలి. ఉన్నవాటిలో అత్యంత ఖరీదైన పార్టును వేడిచేసి లేపడమన్నమాట. పైగా వెనక గాజు ఫ్రేముకు గట్టిగా అతుక్కుని ఉండేది. 2022లో ఐఫోన్ 14తో ఇది మారి, వెనక గాజు విడిగా ఊడి వచ్చేలా చేశారు. 2024లో ఐఫోన్ 16లో బ్యాటరీ కింద గమ్‌ను కూడా మార్చారు. 9 వోల్టుల కరెంటు నిమిషంన్నర ఇస్తే పట్టు వదిలేస్తుంది. ఐపీ68 పోలేదు, రిపేరు సులువైంది. అన్నిసార్లూ ఒకటి వదిలితేనే ఇంకోటి వస్తుందనేం లేదు, కొన్నిచోట్ల డిజైన్ చేసేవాళ్లు పట్టించుకుంటే చాలు.

మూత తెరిచాక అసలు కష్టం బ్యాటరీ అతుకు దగ్గర. లాగడానికి ట్యాబ్ ఉన్న మోడల్ అయితే నెమ్మదిగా, ఫోన్‌కు దాదాపు సమాంతరంగా లాగాలి. పైకి గుంజితే పట్టీ తెగిపోతుంది. ట్యాబ్ లేకపోతే 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నాలుగైదు చుక్కలు బ్యాటరీ అంచున వదిలి, రెండు మూడు నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ కార్డు తోయాలి. లోహపు స్పడ్జర్ (పార్టులను ఎత్తే పనిముట్టు) పెట్టి ఎత్తే మెకానిక్‌ను అక్కడే ఆపండి. ఇంకో ముఖ్యమైన సంగతి, విప్పేముందు చార్జ్ 25 శాతం లోపు ఉండాలి. నిండు చార్జ్ మీదున్న బ్యాటరీకి గాటు పడితే మంట తీవ్రత వేరు. హీట్ గన్‌ను నేరుగా బ్యాటరీ ఉన్న భాగం మీద పెట్టకూడదు, 60 డిగ్రీలు దాటనివ్వకూడదు.

డిస్‌ప్లే విషయంలో కూడా ఇదే ప్రశ్న. కొన్ని మోడళ్లలో డిస్‌ప్లే స్ట్రిప్ (పలుచటి కేబుల్) బ్యాటరీ కింద నుంచి బోర్డుకు వెళ్తుంది. అంటే తెర మార్చాలంటే బ్యాటరీని పీకాలి, మంచి బ్యాటరీ ఆ పనిలో వంగిపోతుంది. అందుకే సర్వీస్ సెంటర్లు చాలాసార్లు ఫ్రేముతో కలిపిన డిస్‌ప్లేనే వేస్తాయి. ధర ఎక్కువే, కానీ ముందువైపు సీలు ఫ్యాక్టరీలో వేసినది కాబట్టి నీటి రక్షణ కావాల్సిన మీలాంటివాళ్లకు ఆ పద్ధతే మంచిది.

ఐపీ నంబరు మీ చెరువు నీళ్లకు వర్తిస్తుందా?

పూర్తిగా కాదు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే ప్రకటిస్తుంది. 9 అంటే దగ్గర్నుంచి వేడినీటిని బలంగా చిమ్మే పరీక్ష, అది మునగడం గురించి కాదు. ఐపీ69 ఒక్కటే రాసి ఉంటే మునిగినా తట్టుకుంటుందని అర్థం చేసుకోకండి, పక్కన ఐపీ68 కూడా ఉందేమో చూడండి.

ఈ మునక పరీక్షలు కొత్త ఫోన్‌తో, కదలని మంచినీటిలో చేస్తారు. మీ దగ్గరున్నది ఉప్పు కలిసిన నీరు, ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) తిరుగుతుంటే పైకి ఎగిరే తుంపర, మేత పొడి. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది. లోపలికి వెళ్లిన ఒక్క చుక్క బ్యాటరీ కరెంటుతో కలిసి బోర్డు మీది రాగిని గంటల్లోనే తినడం మొదలుపెడుతుంది. ఫోన్ కింద పడి ఫ్రేము వెంట్రుకవాసి వంగినా, ఎండ వేడికి గమ్ సాగినా ఆ అంకెకు విలువ లేదు. నీళ్లు వెళ్లి పాడైతే మామూలు వారంటీ కూడా వర్తించదు. సిమ్ ట్రే లోపల ఉండే తెల్ల స్టిక్కర్ తడి తగిలితే ఎర్రగా మారుతుంది, సర్వీస్ సెంటర్‌లో మొదట చూసేది దాన్నే.

చాలామందికి తెలియని ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. సిమ్ ట్రే పిన్నును పక్కనున్న మైక్ రంధ్రంలో పొడుస్తారు. మైక్, స్పీకర్ దగ్గర గాలిని వదిలి నీటిని ఆపే పలుచటి పొర ఉంటుంది. పిన్ను దాన్ని చీల్చిందంటే ఐపీ68 ఫోన్‌కు చిల్లు పడినట్టే, బయటికి మాత్రం ఏమీ కనిపించదు. సిమ్ ట్రే చుట్టూ ఉండే సన్నటి రబ్బరు రింగు కూడా చూడండి. అది తెగినా, ట్రే మార్చినప్పుడు రింగు లేని కాపీ ట్రే వేసినా నీళ్లకు అదే దారి.

విప్పిన ఫోన్‌ను మళ్లీ మూయడం

మీ షాపువాళ్ల మాట ఇక్కడే నిజమవుతుంది, ఎందుకంటే పది నిమిషాల్లో చేతికిచ్చే పనిలో సీలు రాదు. రావాలంటే ఇలా జరగాలి. పాత గమ్ ఫ్రేము మీద, మూత మీద ఏమాత్రం మిగలకుండా ప్లాస్టిక్ పలకతో గీకి, ఐపీఏతో తుడవాలి. ఒక్క గమ్ ఉండ, ఒక్క పోగు మిగిలినా అక్కడ సందు ఏర్పడుతుంది. తర్వాత ఆ మోడల్‌కే కోసిన వాటర్‌ప్రూఫ్ స్టిక్కర్ అతికించాలి. ఫ్రేము అప్పటికే మూలన సొట్టపోయి ఉంటే స్టిక్కర్ ఎంత మంచిదైనా పనికిరాదు. మూత పెట్టాక కాస్త వెచ్చచేసి, క్లాంపులతో చుట్టూ సమానంగా బిగించి ఉంచాలి.

స్టిక్కర్ బదులు బీ7000 గమ్ వేయడం మన దగ్గర మామూలే. మూత ఊడకుండా పట్టుకోవడానికి అది చక్కగా పనిచేస్తుంది, కానీ పూర్తి బలం రావడానికి 24 గంటలకు పైగా పడుతుంది. చేత్తో వేసే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఎక్కువ వేస్తే ఇయర్‌పీస్ జాలీలోకి, బటన్ల కిందికి పారుతుంది. నీటికి ఆగాలనుకునే ఫోన్‌కు నేను దాన్ని సీలుగా లెక్కించను.

పరీక్ష. పెద్ద సర్వీస్ సెంటర్లలో గాలి ఒత్తిడితో లీకు చూసే యంత్రం ఉంటుంది, చేశారా అని అడగండి, ఫలితం చూపమనండి. మీ ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉంటే ఇంట్లోనూ చూడొచ్చు: ఒత్తిడి చూపే యాప్ తెరిచి, తెర మధ్యలో రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. సీలు బాగుంటే అంకె ఒక్కసారిగా పెరిగి, నెమ్మదిగా దిగుతుంది. ఏ మార్పూ లేకపోతే గాలి పోతోందని అర్థం. 30 వేల లోపు ఫోన్లలో ఎక్కువవాటికి ఈ సెన్సర్ ఉండదు, కొనేముందు చూసుకోండి. నీళ్ల బకెట్లో ముంచి పరీక్షించడం మాత్రం వద్దు.

వంపు తెర, గాజు వీపు

మీకు వంపు తెర వద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. ఫ్లాట్ తెరకు వంద, రెండు వందల టెంపర్డ్ గ్లాస్ నిమిషంలో పడుతుంది, పగిలితే ఇంకోటి. వంపు తెరకు యూవీ గమ్ పోసి అతికించే గ్లాస్ కావాలి. ఆ ద్రవం ఇయర్‌పీస్‌లోకి, పక్క బటన్లలోకి కారి గట్టిపడుతుంది, మాటలు వినపడట్లేదని మళ్లీ విప్పించాల్సి వస్తుంది. పక్కకు పడినప్పుడు దెబ్బ ఫ్రేముకు కాక నేరుగా గాజుకే తగులుతుంది. డిస్‌ప్లే ధర కూడా ఎక్కువ.

ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఏ ఫోన్ గాజునైనా గీస్తుంది, పేరున్న గాజైనా అంతే. గాజును గీతలకు మరీ గట్టిగా చేస్తే పడినప్పుడు పెళుసుగా పగులుతుంది, పడినా ఆగేలా చేస్తే గీతలు పడతాయి. తయారీదారులు ఈ రెంటి మధ్యే సర్దుకుంటారు. అందుకే పైన టెంపర్డ్ గ్లాస్ ఖర్చు దండగ కాదు. వీపు విషయంలో ప్లాస్టిక్‌ను చవక అనుకుని తీసిపారేయకండి. వైర్‌లెస్ చార్జింగ్‌కు లోహం అడ్డు వస్తుంది కానీ ప్లాస్టిక్ రాదు. గాజు చూడ్డానికి బాగుంటుంది, వేడిని కాస్త మెరుగ్గా వదులుతుంది, పడితే పగులుతుంది. మడత ఫోన్ల జోలికి వెళ్లకండి. 2024 నాటి గెలాక్సీ జెడ్ ఫోల్డ్6కి ఉన్నది ఐపీ48. ఆ 4 అంటే ఒక మి.మీ. కంటే పెద్ద రేణువులను మాత్రమే ఆపుతుందని, గట్టు మీది మట్టి అంతకంటే సన్నం.

పార్టు దొరకని సులువు సులువే కాదు

పైన చెప్పిన ఎక్స్‌కవర్7 విడుదల ధర 27 వేల ప్రాంతం, మీ బడ్జెట్‌లోనే ఉంది. చేత్తో మార్చే బ్యాటరీ, ఐపీ68, పక్కనున్న పిన్నుల ద్వారా డాక్‌లో చార్జింగ్ అన్నీ మీ పనికి సరిపోయేవే. తడి పోర్టులో కేబుల్ పెట్టే అవసరం తప్పుతుంది. కానీ దాన్ని ఎక్కువగా సంస్థలకు అమ్ముతారు. తెర పగిలితే ఊళ్లో షాపులో దాని కాంబో (గాజుతో కలిసిన డిస్‌ప్లే) ఉండదు, తెప్పించాలి. తెర 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ, కెమెరా మామూలు. ఇవి పర్వాలేదనుకుంటే, రెండో బ్యాటరీ ఒకటి ముందే కొనిపెట్టుకునే వీలుంటే, అది తీసుకోండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ గాస్కెట్ మీద ఇసుక రేణువు లేకుండా తుడిచి, మూత చుట్టూ అన్ని క్లిప్పులూ చప్పుడు వచ్చేదాకా నొక్కాలి. ఒక్క క్లిప్పు వదిలేసినా నీళ్లు లోపలికే.

అది నచ్చకపోతే, జనం బాగా కొన్న మోడల్ ఎంచుకోండి. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో పార్టు ఉన్న ఫోన్‌కు ఊరి షాపులో కూడా ఒకట్రెండు రోజుల్లో పార్టు వస్తుంది. గమ్‌తో మూసినా సరే, వందల సంఖ్యలో విప్పి చెయ్యి తిరిగిన మోడల్‌ను మెకానిక్ పాడుచేయడు. 2025లో వచ్చిన గెలాక్సీ ఏ26, ఏ36 రెండింటికీ ఐపీ67, ఫ్లాట్ తెర, ఆరేళ్ల అప్‌డేట్లు ఉన్నాయి, కాబట్టి ఈ లెక్కకు సరిపోతాయి. వీపు మాత్రం గాజు, మంచి కవర్ తప్పనిసరి. వేరే బ్రాండ్‌లో అవే లక్షణాలుంటే అదీ మంచిదే.

కొనేముందు ఒక పని చేయండి. కంపెనీ వెబ్‌సైట్‌లో స్పేర్ పార్టుల ధరల పట్టిక ఉంటుంది. డిస్‌ప్లే, బ్యాటరీ, వెనక ప్యానెల్ ధరలు చూడండి. డిస్‌ప్లే ఒక్కటే ఫోన్ ధరలో 40 శాతం దాటితే నేనైతే ఆ మోడల్ వద్దంటాను, ఎందుకంటే రెండేళ్ల తర్వాత అది పగిలితే మార్పించడానికి మనసొప్పదు, ఫోన్ మూలన పడుతుంది. పట్టికే లేని కంపెనీ అయితే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. బ్యాటరీ స్టాక్‌లో ఉంటుందా, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని కూడా అడగండి.

బయట షాపులో డిస్‌ప్లే వేయిస్తే ఏ రకం వేస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి. అమోలెడ్ ఫోన్‌కు చవక కాపీ టీఎఫ్‌టీ తెర వేస్తే తెర కింద ఉండే ఫింగర్‌ప్రింట్ పనిచేయదు, నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, తెర కాస్త మందం కావడంతో ఫ్రేములో సరిగ్గా కూర్చోక అంచున సందు మిగులుతుంది. మీకు ఆ సందే ప్రాణాంతకం. పైగాజు మాత్రమే పగిలి తెర బాగుంటే, ఓసీఏ అనే పారదర్శక గమ్ షీటుతో గాజు ఒక్కటే మార్చే షాపులున్నాయి. ఖర్చు తక్కువ, తెర ఒరిజినల్‌గానే ఉంటుంది. కానీ అమోలెడ్‌ను గాజు నుంచి విడదీసేటప్పుడు గీత పడి చచ్చిపోయే ప్రమాదం ఉంది, పోతే ఎవరి బాధ్యతో ముందే మాట్లాడుకోండి.

చెరువు మీద వాడేటప్పుడు

నడుముకో మెడకో కట్టుకునే నీరు చొరని సంచి 200 రూపాయల లోపే వస్తుంది. ఫోన్ ఐపీ68 అయినా పడవ మీదకో, చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో చూసే పళ్లెం) తీయడానికో వెళ్లేటప్పుడు దాన్ని వాడండి. అందులో పెట్టిన ఫోన్‌ను ఎండలో వదలకండి, గమ్‌కూ బ్యాటరీకీ వేడే పెద్ద శత్రువు. సెట్టింగుల్లో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే ఎంపిక ఉంటే వేసుకోండి, రాత్రంతా చార్జింగ్‌లో ఉంచేవాళ్లకు దీనివల్ల బ్యాటరీ ఆయుష్షు స్పష్టంగా పెరుగుతుంది.

ఐపీ ఉన్న ఫోన్ మీద ఉప్పునీరు పడితే వెంటనే మంచినీటితో పైపైన కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పోర్టు కిందికి ఉండేలా అరచేతికేసి మెల్లగా తట్టండి. కనీసం 5 గంటలు కేబుల్ పెట్టకండి. యూఎస్‌బీ-సి పోర్టులో పిన్నులు అర మి.మీ. దూరంలో ఉంటాయి, తడిగా ఉన్నప్పుడు కరెంటు వస్తే ఆ పిన్నులు పచ్చబడి, తర్వాత నల్లబడి అరిగిపోతాయి. పోర్టు విడిగా సీసీ బోర్డు (చార్జింగ్ పోర్టు ఉండే చిన్న బోర్డు) మీద ఉన్న ఫోన్‌లో ఆ చిన్న బోర్డు మారిస్తే చాలు. మెయిన్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే పని, ఖర్చు రెండూ పెద్దవే. పోర్టులో చేరిన పొడిని పళ్ల పుల్లతో, ఫోన్ ఆపేసి తీయండి, పిన్నుతో కాదు.

ఫోన్ మునిగి లోపలికే నీళ్లు వెళ్లినట్టు కనిపిస్తే, అంటే కెమెరా అద్దం లోపల ఆవిరి పట్టినా, స్పీకర్ గరగరలాడినా, స్విచాఫ్ చేసి అలాగే ఉంచండి. ఆన్ అవుతుందేమో చూద్దామని మళ్లీ నొక్కకండి. బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యం లోపలి ఉప్పును తీయలేదు, దాని పొడి పోర్టులో చేరుతుంది. అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, షీల్డులు తీసి బోర్డును 99 శాతం ఐపీఏతో మెత్తటి బ్రష్‌తో కడగాలి, ఆరాక చూడాలి. మంచినీళ్లకైతే మర్నాడు వెళ్లినా ఆశ ఉంటుంది. మీ చెరువు నీళ్లకు ఒక్క రాత్రి ఆలస్యం చాలు, కనెక్టర్ పిన్నులు పోతాయి. ఇప్పటి ఫోన్లలో స్టోరేజ్ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది, బోర్డు పోతే డేటా కూడా పోయినట్టే. మేత లెక్కలు, బాకీల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుంటే ఆటో బ్యాకప్ ఈ రోజే ఆన్ చేసుకోండి.